చుట్టాల ముద్దలు

ఆయమ్మ పోయిందన్న కబురు నాకు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో, రైలు మారడానికి మెట్లెక్కుతుండగా తెలిసింది. క్రెష్ నడిపే మేడమ్ ఫోన్ చేసి, "మీకు చెప్పకుండా ఉండలేకపోయానండీ. తెల్లవారుతుండగా పోయిందట" అన్నారు. నాలుగు నెలలుగా మంచంలో ఉన్న మనిషి. ఊహించని వార్తేమీ కాదు. అయినా పంజాగుట్ట వైపు వెళ్ళే రైళ్ళు రెండు వదిలేసి అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాను. తర్వాత లేచి ఆఫీసుకు వెళ్ళాను, పని చేశాను, మధ్యాహ్నం అన్నం కూడా తిన్నాను. దుఃఖంలో ముద్ద దిగదంటారు, నాకు దిగింది. ఆయమ్మ వింటే, ఆకలైతే తినాలి, లేకపోతే లేదు, దీనికి ఇంత ఆలోచన ఎందుకమ్మా అని ఉండేది.

మా అబ్బాయిని రెండున్నరేళ్ళ వయసు నుంచి ఐదేళ్ళు నిండేదాకా పగలంతా చూసుకున్న మనిషి ఆమె. ఆమెకూ ఒక పేరుండేది గానీ, ఆధార్ కార్డు మీద తప్ప దాన్ని ఎక్కడా వాడినట్టు లేదు. ఆయమ్మ అంటేనే పలికేది. నేనూ అలాగే రాస్తాను. ఆమె గురించి రాయడానికి నాకొక కారణం ఉంది. అది కాస్త సిగ్గుపడే కారణం, నెమ్మదిగా చెబుతాను.

క్రెష్ అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉండేది. కింద రెండు గదులు, ఒక వరండా, ముందు నాలుగడుగుల ఖాళీ జాగా. పై అంతస్తుల్లో కంప్యూటర్ కోర్సులు, కింద మా పిల్లలు. మేం యూసుఫ్‌గూడలో అద్దెకుండేవాళ్ళం. పొద్దున పిల్లాణ్ణి అక్కడ దింపి నేను పంజాగుట్ట ఆఫీసుకు, మా ఆయన మాసబ్ ట్యాంక్‌కు పరుగులు పెట్టేవాళ్ళం. పిల్లాడి అన్నం డబ్బా ఇంటి నుంచే వెళ్ళేది.

ఆ డబ్బా గురించి చెప్పాలి. సాయంత్రం పిల్లాణ్ణి తీసుకోగానే మా తల్లులందరం చేసే మొదటి పని, గేటు దగ్గరే నిలబడి డబ్బా మూత తీసి చూడటం. ఖాళీగా ఉంటే మా కడుపు నిండేది. అన్నం మిగిలి ఉంటే ఆ రోజంతా పాడు. అంతకుముందున్న ఆయాలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకని డబ్బాలు ఎప్పుడూ ఖాళీగానే వచ్చేవి. పిల్లలు తిన్నారో, వాళ్ళే తిన్నారో, కుక్కకు పెట్టారో మేం అడిగేవాళ్ళం కాదు.

ఆయమ్మ వచ్చిన వారంలోనే డబ్బాలు మిగిలి రావడం మొదలైంది. ఆమె దాచేది కూడా కాదు. గేటు దగ్గర డబ్బా చేతికిస్తూ, "ఇయ్యాల గింతే ఆకలైందమ్మా" అనేది, తప్పేమీ లేనట్టు. బాక్సులో వేసిన క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్ అయితే విప్పకుండానే తిరిగొచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

ఎందుకు మండేదో చెబితే తప్ప మీకు అర్థం కాదు. మా వాడు నెలలు నిండకుండా పుట్టాడు. మొదటిసారి చేతిలో పెట్టినప్పుడు టవల్ బరువు తప్ప పిల్లాడి బరువు తెలియలేదు నాకు. ఆసుపత్రి నుంచి వచ్చాక నా బతుకంతా వాడి నోటి చుట్టూనే తిరిగింది. పశ్చిమ గోదావరిలో ఉన్న మా అమ్మ రోజూ వీడియో కాల్‌లో వాణ్ణి ముందుకీ వెనక్కీ తిప్పి చూపించమనేది. వాడు ఎంత ఒళ్ళు చేసినా ఆమెది ఒకటే మాట. "ఏంటే, చిక్కిపోయాడు?"

దానికి మేం కనిపెట్టిన ఉపాయం కొత్తదేమీ కాదు, మీలో చాలామంది చేసే ఉంటారు. వాడు నోరు బిగించగానే చుట్టాలను పిలవడం. ఇది అమ్మమ్మ ముద్ద, ఇది తాతయ్య ముద్ద, ఇది పిన్ని ముద్ద. అమ్మమ్మ ముద్ద తిని పిన్ని ముద్ద వద్దంటే పిన్ని ఏడవదూ? చుట్టాలంతా అయిపోతే పక్కింటి ఆంటీ, పాలబ్బాయి, చందమామ. చివరికి గిన్నె ఊడ్చి, బలమంతా ఇందులోనే ఉంది నాన్నా అంటూ ఆఖరి ముద్ద. మా వాడు మంచి పిల్లాడు. ఎవరినీ ఏడిపించేవాడు కాదు. మూడేళ్ళు నిండేసరికి మా ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో కూర్చునేవాడు. పంజాగుట్టలో పిల్లల డాక్టరు గారు బరువు చూసి, "కొంచెం తగ్గించండమ్మా, ఇప్పుడే చూసుకోవాలి" అన్నారు. నేను డాక్టరును మార్చాను.

క్రెష్‌లో ఆయమ్మ పద్ధతి వేరుగా ఉండేది. పిల్లలు గోడ వారగా చాప మీద కూర్చుంటే, ఎవరి డబ్బా వాళ్ళ కంచం పక్కన మూత తీసి పెట్టేది. చిన్న చెంచాతో వాళ్ళే వడ్డించుకోవాలి. కింద పడితే పడింది. ఎవరైనా ఆయమ్మా ఇంకా తిననా అని అడిగితే, "నన్నడుగుడు గాదు బిడ్డా, నీ కడుపునడుగు" అనేది. పిల్లలు నిజంగానే అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఎవరో లోపల మాట్లాడుతున్నట్టు కాసేపు ఆగేవాళ్ళు. కొందరు మళ్ళీ వడ్డించుకునేవాళ్ళు, కొందరు లేచిపోయేవాళ్ళు. లేచినవాణ్ణి ఆమె వెనక్కి పిలిచేది కాదు.

మేడమ్ భోజనాల వేళ బొమ్మలు చూపిస్తే పిల్లలు పేచీ పెట్టకుండా తింటారని ఒక టీవీ కొన్నారు. ఆయమ్మ రోజూ మధ్యాహ్నం దాని ప్లగ్ తీసేసి, "కరెంట్ లేదు బిడ్డా" అని చెప్పేది. ఇలా ఏడాది నడిపింది. క్రెష్‌లో రోజూ కరెంట్ పోతోందని పిల్లలు ఇళ్ళలో చెబితే, ఇంత ఫీజు తీసుకుని ఒక ఇన్వర్టర్ పెట్టించలేరా అని మేం మేడమ్‌తో పోట్లాడాం.

సాయంత్రం ఐదింటికి ఆమె సందులోకి వచ్చేది. క్రెష్ ముందు కోచింగ్ కుర్రాళ్ళ బైకులు అంగుళం సందు లేకుండా ఉండేవి. "తమ్మీ, గా బండి జర జరుపు. పోరగాండ్లు ఉరుకుతరు" అని ఒక్కొక్కరినీ అడిగేది. మొదట్లో విసుక్కున్నవాళ్ళే తర్వాత ఐదు కొట్టగానే బండ్లు తీసేసి, జావా పుస్తకాలు చంకలో పెట్టుకుని పిల్లల పరుగు చూసేవాళ్ళు. పుట్టినరోజులకు కేకులూ చాక్లెట్లూ తేవద్దని మేడమ్‌ను ఒప్పించి, ఒక పెద్ద బొప్పాయి మీద కొవ్వొత్తి గుచ్చేది. మా వాడి నాలుగో పుట్టినరోజు ఫోటోలో వాడు బొప్పాయి కోస్తున్నాడు. అది చూసి మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆమేమీ ఋషి కాదు. పిల్లలంతా పడుకున్నాక వంటగది తలుపు వెనక నిలబడి, గ్లాసెడు చాయ్‌లో బిస్కెట్ల మీద బిస్కెట్లు ముంచుకుని తినేది. ఒకసారి నా కంటబడింది. పిల్లలకు మాత్రం వద్దంటావా అని నిలదీశాను. "నాకు అరవై దాటినయమ్మా. నేనింకేం పెరగాలె? పెరిగితె అడ్డమే పెరగాలె" అని మరొకటి ముంచింది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు వస్తోంది.

ఇక నా సంగతి. డబ్బా సగం తిరిగొచ్చిన ఒక సాయంత్రం, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నేనే మొదటి మెసేజ్ పెట్టాను. "మా బాబు చిక్కిపోతున్నాడు. తినిపించే ఓపిక లేనివాళ్ళను ఆయాగా పెట్టుకుంటే ఎలా?" వరసగా బొటనవేళ్ళు లేచాయి. మేడమ్ భయపడిపోయి, "మీరే ఒకరోజు వచ్చి చూడండి" అన్నారు. సగం రోజు సెలవు పెట్టి, దొంగను పట్టుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళాను. ఆ వేళకు మేడమ్ లేరు, ఆయమ్మా పిల్లలే ఉన్నారు.

మా వాడు నన్ను చూసి నవ్వి, తన పాటికి తాను వడ్డించుకున్నాడు. పప్పన్నం, బెండకాయ కూర. తిన్నాడు. పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇంకో చెంచా వేసుకుని అదీ తిని, "చాలు" అని లేచాడు. డబ్బాలో ఇంకా మూడో వంతు ఉంది. పిల్లలందరి ముందూ నాకు పౌరుషం వచ్చింది. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్ద కలిపి, "ఇది అమ్మమ్మ ముద్ద" అన్నాను. వాడు ఒక్కసారి ఆయమ్మ వైపు చూసి నోరు తెరిచాడు. తాతయ్య ముద్దకు తెరిచాడు. పిన్ని ముద్దకు, మామయ్య ముద్దకు కూడా తెరిచాడు. చూశావా, తినిపిస్తే తింటాడు అన్నట్టు నేను ఆయమ్మ వైపు చూస్తూనే ఆఖరి ముద్ద పెట్టాను. వాడు భళ్ళున వాంతి చేసుకున్నాడు.

ఆయమ్మ వాడి మూతి కడిగి, చొక్కా మార్చి, గుడ్డ తెచ్చి నేల తుడిచింది. తుడుస్తూనే, తల ఎత్తకుండా, నాకు మాత్రం వినపడేట్టు చెప్పింది.

"పిలగాడు ఆకలై నోరు తెరుస్తలేడమ్మా. వద్దంటె మీరు బాధపడతరని తెరుస్తుండు."

ఇక్కడిదాకా నేను చేసింది తెలివితక్కువతనం. ఆ తర్వాత చేసింది తప్పు. ఆమె నేల తుడుస్తుండగా ఇంకో తల్లి తన పాపను తీసుకెళ్ళడానికి వచ్చి, ఏమైందని అడిగింది. మా వాడు వాంతి చేసుకున్నాడని పిల్లల్లో ఎవరో చెప్పారు. నేను ఇల్లు చేరేలోపే గ్రూపులో అది 'ఆయా ఏం పెట్టిందో ఏమో' అయిపోయింది. మర్నాడు మేడమ్ అడిగితే ఆయమ్మ, "పిలగానికి పడలేదమ్మా" అని మాత్రం అందట. నా పేరు ఎత్తలేదు. ఒక్క వాక్యం టైపు చేస్తే సరిపోయేది. తినిపించింది నేను అని. నేను చెయ్యలేదు. ఆమెను పిల్లల అన్నాల దగ్గర నుంచి తీసేసి, ఊడవడానికీ బాత్రూములు కడగడానికీ పెట్టారు. కొత్త ఆయా వచ్చింది. డబ్బాలు మళ్ళీ ఖాళీగా రావడం మొదలైంది.

ఇరవై రోజులు అలా గడిచాయి. ఆయమ్మ రోజూ గేటు దగ్గర మెట్లు తుడుస్తూ కనిపించేది. "జర పక్కకుండ్రమ్మా, జారుతది" అని ఎప్పటిలాగే మాట్లాడేది. నేను చెప్పుల వైపు చూసుకునేదాన్ని. ఒక సాయంత్రం కొత్త ఆయా డబ్బా ఇస్తూ, "మొత్తం తినేసిండు మేడమ్" అంది. మూత తీసి చూసుకుని పొంగిపోయాను. పక్కన చూస్తే మా వాడు లేడు. మెట్ల మీద కూర్చున్న ఆయమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె తడి చేతిని తీసుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. పొట్ట బిగుసుకుని ఉంది. ఆమె మెల్లగా నిమురుతూ కూర్చుంది. నాలుగేళ్ళ పిల్లాడు తన మొర చెప్పుకోవడానికి నన్ను కాకుండా ఆమెను వెతుక్కున్నాడని అప్పుడు అర్థమై, నాకు ఏడుపొచ్చింది.

అక్కడి నుంచే లోపలికి వెళ్ళి మేడమ్‌తో మాట్లాడాను. కానీ చూడండి, అప్పుడు కూడా నిజం చెప్పలేదు. "ఆ రోజు వాడికి ముందే జలుబు చేసిందండీ, పాపం ఆయమ్మ తప్పేం లేదు" అన్నాను. ఆయమ్మను మళ్ళీ పిల్లల దగ్గరికి పంపారు. గ్రూపులో ఎవరికీ అసలు సంగతి తెలియలేదు. ఆయమ్మకు నేను తప్పైందని చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

అడగకపోగా, కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తనే ఒక సంగతి చెప్పింది. ఈ పనికి రాకముందు ఆమె పంజాగుట్టలో ఒక పెద్దింట్లో పిల్లాణ్ణి చూసుకునేదట.

"బంగారమసొంటి పిలగాడమ్మా. గాళ్ళింట్ల ఆరేండ్లు జేసిన. ఇది నానమ్మ ముద్ద, ఇది బాబాయ్ ముద్ద అనుకుంట ఈ చేత్తోనే తినిపిచ్చిన. మస్తు తింటడని వాళ్ళమ్మ నాకు చీర గూడ వెట్టింది. పదకొండేండ్లకే గా పిలగాడు షుగర్ గోలీలు మింగుతుండు. వాళ్ళమ్మ నన్నొక్క మాట అనలేదు. అంటె బాగుండు."

నేను ఆ మాటకైనా కరిగి నా తప్పు చెప్పుకోవాల్సింది. చెప్పుకోలేదు. ఇంట్లో మాత్రం చుట్టాల ముద్దలు ఆపేశాను. అమ్మతో పెద్ద గొడవే అయింది. "మేం అలా తినిపించే నిన్ను పెంచాం, నీకేమైంది?" అంది. నాకేమైందో చెప్పే ధైర్యం లేక బీపీ మాత్ర వేసుకుని ఊరుకున్నాను. మా వాడు ఇప్పుడు ఆరో తరగతి. సన్నగా ఏమీ అయిపోలేదు, కాస్త బొద్దుగానే ఉంటాడు. మూడంతస్తులూ ఎక్కి పైనుంచి, "అమ్మా, తొందరగా రా" అని కేకేస్తాడు. నేను రెండో అంతస్తులో ఆగుతాను.

పోయిన నెల ఆయమ్మను చూడటానికి బల్కంపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. ఎల్లమ్మ గుడి వెనక రెండు గదుల ఇల్లు. ఒకప్పుడు పిల్లలను చెరో చంకన ఎత్తుకున్న మనిషి దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టుంది. ఎలాగైనా చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆమె నన్ను చూడగానే, "పిలగాడు మంచిగున్నడా? ఉరుకుతుండా?" అంది. ఉరుకుతున్నాడు అన్నాను. "గది చాలు" అని కళ్ళు మూసుకుంది. నేను తెచ్చిన బత్తాయిలు గట్టు మీద పెట్టి వచ్చేశాను.

మూడో రోజున పిట్టకు పెడుతున్నారని తెలిసి వెళ్ళాను. మీకు తెలియకపోతే చెబుతాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టుకునేదాకా ఎదురుచూస్తారు. ముట్టుకోకపోతే ఆ మనిషికి ఏదో బాధ మిగిలిపోయిందని లెక్క. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, ఆ బాధ తీరుస్తామని మాటిస్తారు.

వాళ్ళ డాబా మీద విస్తరి పెట్టారు. అన్నం, కోడికూర, జొన్నరొట్టె, గ్లాసుతో చాయ్. ఊళ్ళో కాకులే తగ్గిపోయాయి కదా, ఎంతసేపటికీ ఒక్కటీ రాలేదు. ఆమె మరిది ముందుకొచ్చి, "ఏం ఫికర్ చెయ్యకు వదినె, నీ మనుమరాలి సదువు నేను జూస్కుంట" అన్నాడు. రాలేదు. చెల్లెలు వచ్చి, పాత మాటలేవో మనసులో పెట్టుకోకని ఏడ్చింది. అయినా రాలేదు. క్రెష్ మేడమ్ ఉన్నారు, అప్పటి తల్లులు ముగ్గురున్నారు. గ్రూపులో బొటనవేలు చూపించినవాళ్ళే. నా కాళ్ళు వాటంతటవే కదిలాయి.

"ఆయమ్మా, ఆ రోజు పిల్లాడికి వాంతయ్యేదాకా తినిపించింది నేను. నింద మీ మీద పడితే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాది" అన్నాను. గొంతు ఇంత గట్టిగా వస్తుందనుకోలేదు. మేడమ్ నా వైపు చూసి తల దించుకున్నారు. కాకి రాలేదు.

వెనక్కి వచ్చి నిలబడ్డాను. ఆయమ్మ కూతురు నా పక్కకొచ్చింది. "అమ్మ నాకు గప్పుడే చెప్పింది" అంది మెల్లగా. "గా అమ్మను ఏమనకు, నేను జేసిందే ఆమె జేసింది అన్నది." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఈలోపు మరిది ఓపిక నశించి, చేతులు ఊపుతూ రా, రా అని ఆకాశంలోకి అరవడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. కూతురు చెయ్యెత్తి ఆపింది.

"బతిమాలకుండ్రి చిన్నాయ్నా. ఆకలైతె అదే వస్తది."

అందరం నీళ్ళ ట్యాంకు నీడలోకి వెళ్ళి కూర్చున్నాం. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. మాటలు ఆమె మీదకే మళ్ళాయి, కరెంట్ లేదని ఏడాది నడిపిన సంగతి మేడమ్ చెబుతుంటే నవ్వాం కూడా. ఆ నవ్వుల మధ్యలో ఎప్పుడొచ్చిందో, ఒక కాకి పిట్టగోడ మీద నుంచి విస్తరి దగ్గరికి దిగింది. కాస్త అన్నం తింది. రొట్టె ముక్క ఒకటి పొడిచింది. ముక్కు నేలకు రాసుకుని, ఎగిరి కేబుల్ తీగల మీదుగా వెళ్ళిపోయింది. విస్తరి నిండా ఇంకా ఉంది. దాన్ని ఎవరూ మళ్ళీ పిలవలేదు.